మెస్సీనాలో గుచ్చిన ముల్లు

చీము అంటే అందరికీ ఏవగింపే. అందులో ఉన్న కణాలు ఏం చేస్తూ చచ్చిపోయాయో 1882 చివర్లో సిసిలీ తీరాన ఒక జంతుశాస్త్రవేత్తకు తట్టింది. అంతకు ఏడాదిన్నర ముందే ఆయన అన్న చీము పట్టే జబ్బుతో కన్నుమూశాడు.

ఇల్లు ఖాళీ అయిన పూట

ఊళ్ళోకి సర్కస్ వచ్చింది. అందులో కోతులు భలే విన్యాసాలు చేస్తున్నాయని విని ఇంటిల్లిపాదీ బయలుదేరారు. ఆ శాస్త్రవేత్త భార్య ఓల్గా, ఆమె తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అంతా వెళ్ళారు. బావగారు మాత్రం రానన్నాడు. ఆయనకు మైక్రోస్కోపు దగ్గర పని ఉంది.

మెస్సీనా సిసిలీ దీవికి ఈశాన్యపు కొసన ఉన్న రేవు పట్టణం. ఎదురుగా ఇటలీ ప్రధాన భూభాగం, మధ్యలో సన్నటి జలసంధి. అక్కడి సుడులు సముద్రపు లోతుల్లో బతికే జీవాలను పైకి తెచ్చి పడేస్తుంటాయి. అందుకే ఆ రోజుల్లో యూరప్ జంతుశాస్త్రవేత్తలు ఆ ఊరికి యాత్రలా వెళ్ళేవారు. ఇల్యా మెచ్నికోవ్ కుటుంబం రింగో అనే శివారులో, సముద్రం ఒడ్డున దిగింది. ఇంట్లోనే ప్రయోగశాల, పక్కన చిన్న తోట. కొద్ది రోజుల కిందటే పిల్లల సరదా కోసం ఆ తోటలోని కమలా మొక్కను క్రిస్మస్ చెట్టుగా ముస్తాబు చేశారు.

మైక్రోస్కోపు కింద ఉన్నది నక్షత్ర చేప లార్వా. అది గాజులా ఉంటుంది. కోయకుండానే దాని ఒంట్లో జరిగేదంతా చూడవచ్చు. లోపల కొన్ని కణాలు ఒకచోట ఉండవు. ఒళ్ళు సాగదీసుకుంటూ, ముడుచుకుంటూ, అమీబాల్లా అటూ ఇటూ తిరుగుతుంటాయి. వాటిని ఆయన చాలాకాలంగా ఎరుగును. కార్మైన్ అనే ఎర్రరంగు పొడి లోపలికి పంపితే ఆ రేణువులను అవి మింగేసేవి. అది తిండి తినడమేనని ఆయన అనుకునేవాడు.

ఆ సాయంత్రం, చప్పుడు లేని ఇంట్లో, ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. రంగు రేణువును మింగే కణం క్రిమిని ఎందుకు మింగకూడదు? తిండి కోసం పుట్టిన అలవాటే ఒంటికి కాపలా కాస్తుంటే?

ఇక కూర్చోలేకపోయాడు. గదిలో పచార్లు చేశాడు. మనసు కుదుటపరచుకోవడానికి సముద్రం ఒడ్డుకు వెళ్ళాడు. నడుస్తూనే పరీక్ష కూడా ఆలోచించాడు. మనిషి వేలిలో పుల్ల విరిగితే చుట్టూ చీము చేరుతుంది. తన ఊహ నిజమైతే, రక్తనాళాలు లేని ఈ లార్వా ఒంట్లోకి ముల్లు దించినా చుట్టూ కణాలు మూగాలి.

తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చాడు. వాటిని కొన్ని లార్వాల చర్మం కిందికి మెల్లగా గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారీ వారకముందే లేచి మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. ముల్లు కనిపించింది. దాని చుట్టూ దట్టంగా మూగిన కణాలూ కనిపించాయి.

అప్పటిదాకా జంతుశాస్త్రవేత్తనైన తాను ఆ రోజుతో రోగశాస్త్రంలోకి వచ్చి పడ్డానని ఆయన తరువాత రాసుకున్నాడు.

రెండుసార్లు చావబోయినవాడు

అప్పటికి మెచ్నికోవ్‌కు 37 ఏళ్ళు. 1845లో నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో పుట్టాడు. అప్పుడది రష్యా సామ్రాజ్యం. చదువులో మెరుపు. 25 ఏళ్ళకే ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. సంసారంలో మాత్రం సుఖం దక్కలేదు. మొదటి భార్య లుద్మీలాకు క్షయ. పెళ్ళినాటికే నడవలేని స్థితిలో ఉంటే ఆమెను కుర్చీలో చర్చికి మోసుకెళ్ళారు. మంచి గాలి కోసం ఊళ్ళు మార్చి మార్చి చివరికి మదీరా దీవికి తీసుకెళ్ళాడు. 1873లో ఆమె అక్కడే కన్నుమూసింది. ఆ దుఃఖంలో ఆయన మార్ఫిన్ మింగాడు. మోతాదు మరీ ఎక్కువై వాంతి కావడంతో బతికిపోయాడు.

రెండేళ్ళకు ఓల్గాను పెళ్ళి చేసుకున్నాడు. 1880లో ఆమెకు టైఫాయిడ్ వచ్చి చావు అంచులదాకా వెళ్ళింది. మరుసటి ఏడు రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య, ఆ తరువాతి కక్షసాధింపులు, విశ్వవిద్యాలయంలో రాజకీయాలు. మళ్ళీ ప్రాణం మీద తీపి పోయింది. ఈసారి తన చావు కూడా వృథా కాకూడదనుకున్నాడు. ఒక రకం తిరగబెట్టే జ్వరం రక్తం ద్వారా అంటుకుంటుందో లేదో తేల్చడానికి, రోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది. మనిషి దక్కాడు.

అదే 1881లో ఆయన అన్న ఇవాన్ ఇల్యిచ్ మెచ్నికోవ్ చనిపోయాడు. తులా పట్టణం కోర్టులో ప్రాసిక్యూటర్‌గా పనిచేసినవాడు. వయసు 45. ఒంట్లో చీము పాకిన అంటుజబ్బు ఆయనను తీసుకుపోయింది. చివరి ఘడియల్లో తమ్ముడు పక్కనే ఉన్నాడు. అదే ప్రాంతంలో ఎస్టేటు ఉన్న ఒక రచయిత ఆ చావు సంగతి విన్నాడు. ఆయన లియో టాల్‌స్టాయ్. 1886లో వచ్చిన ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ అనే ప్రసిద్ధ నవలికకు ప్రేరణ ఈ ప్రాసిక్యూటరే.

1882లో మెచ్నికోవ్ ఒడెస్సా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఓల్గా తల్లిదండ్రులు పోవడంతో ఆమె తోబుట్టువుల బాధ్యత కూడా ఈ దంపతుల మీదే పడింది. వాళ్ళందరినీ వెంటబెట్టుకుని మెస్సీనా చేరాడు.

దొంగా? కాపలాదారా?

తెల్ల రక్తకణాలు ఉన్నాయని వైద్యులకు అప్పటికే తెలుసు. గాయం వాచిన చోట రక్తనాళాల గోడల్లోంచి అవి బయటికి వస్తాయనీ, చీములో ఉన్నవి అవేననీ 1867లో జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ కోన్‌హైమ్ కప్పల మీద చూపించాడు. ఆ కణాల కడుపులో సూక్ష్మజీవులు ఉండటం కూడా కొందరు చూశారు. అయితే చూసినదానికి వాళ్ళు చెప్పుకున్న అర్థం వేరు. తెల్లకణం సూక్ష్మజీవికి దొరికిన ఉచిత వాహనమనీ, దానిలో దూరి క్రిములు ఒళ్ళంతా ప్రయాణిస్తాయనీ చాలామంది నమ్మేవారు. అంటే తెల్లకణం దొంగకు బండి కట్టేవాడన్నమాట.

వాపు సంగతీ అంతే. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అని దాని నాలుగు గుర్తులను దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. రక్తనాళాలు దెబ్బతిని లోపలిది బయటికి కారడమే వాపు అని కోన్‌హైమ్ తరం వివరించింది.

మెచ్నికోవ్ ముల్లు ఈ వాదం కిందనే గుచ్చుకుంది. ఆయన లార్వాలో కారడానికి రక్తనాళాలే లేవు. అయినా కణాలు వాటంతట అవే నడిచి వచ్చి ముల్లును చుట్టుముట్టాయి. కాబట్టి వాపులో అసలు పని కణాలదే. రక్తనాళాలు, ఎరుపు, వేడి తరువాత వచ్చి చేరిన హంగులు. వెన్నెముక లేని జీవుల కాలం నుంచే ఈ వంటిల్లు నడుస్తోంది.

మెస్సీనాలో జంతుశాస్త్రం చెప్పే క్లైనెన్‌బర్గ్‌కు ఆయన ఈ సంగతి చెప్పాడు. ఇది వైద్యపితామహుడు హిప్పోక్రటీస్ స్థాయి ఆలోచన అని ఆయన మెచ్చుకున్నాడు. ఆ రోజుల్లోనే బెర్లిన్ నుంచి మహామహుడైన రోగశాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కోవ్ కూడా మెస్సీనాకు వచ్చాడు. ఆ ఇంటికి వచ్చి, మైక్రోస్కోపులో చూసి, ప్రోత్సహించాడు. జాగ్రత్త కూడా చెప్పాడు. వైద్యలోకం బోధిస్తున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకమని గుర్తుచేశాడు.

మరుసటి ఏడు వియన్నా మీదుగా వెళుతూ మెచ్నికోవ్ ప్రొఫెసర్ కార్ల్ క్లౌస్‌ను కలిశాడు. తినే కణాలకు గ్రీకులో ఏం పేరు పెడదామని అడిగాడు. అక్కడ పుట్టిన పేరే ‘ఫాగోసైట్’. మన పాఠ్యపుస్తకాల్లో ‘భక్షక కణం’ అంటున్నది దీన్నే.

నీటి ఈగ కడుపులో సూదులు

ముల్లు ప్రాణమున్న క్రిమి కాదు. మరి నిజమైన రోగంలో ఏం జరుగుతుంది? జవాబు చెరువు నీళ్ళలో దొరికింది. డాఫ్నియా అనే నీటి ఈగ కంటికి చుక్కలా కనబడుతుంది. దాని ఒళ్ళు కూడా పారదర్శకమే. దానికి ఒక జాతి ఈస్టు వల్ల రోగం వస్తుంది. ఆ ఈస్టు బీజాలు సూదుల్లా ఉంటాయి. తిండితోపాటు లోపలికి పోయి, పేగును పొడుచుకుని ఒంట్లోకి వస్తాయి.

మెచ్నికోవ్ రోజుల తరబడి చూశాడు. సూది పేగు దాటిందో లేదో తెల్లకణాలు వచ్చి అంటుకునేవి. కొన్నిసార్లు నాలుగైదు కలిసి ఒకే సూదిని పట్టేవి. సూది మెల్లగా ముక్కలై, రంగు మారి, రూపు చెడేది. అలా జరిగితే ఈగ బతికేది. ఏ ఒక్క బీజమైనా తప్పించుకుని మొలకెత్తితే ఈస్టు సంఖ్య పెరిగిపోయి, తెల్లకణాలే కరిగిపోయి, ఈగ చచ్చేది. రోగమంటే రెండు జీవుల మధ్య తినడమో తినబడటమో తేలే పోరు అని ఆయన తీర్పు. ఆ వ్యాసం 1884లో విర్కోవ్ నడిపే పత్రికలోనే అచ్చయింది.

మన కాలిలో దిగితే

నూట నలభై ఏళ్ళు దాటాయి. ఇప్పుడు ఆ ముల్లును మన పొలం గట్టు మీదికి తెచ్చుకుందాం. చెప్పులు లేకుండా నడిచిన ఒక రైతు కాలిలో సర్కారు తుమ్మ ముల్లు దిగింది. లాగి పారేసి ఆయన పనిలో పడ్డాడు. ముల్లుతోపాటు లోపలికి దిగిన స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఆయనకు కనబడదు. ద్రాక్షగుత్తిలా ఉండే ఈ క్రిమి దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో ఊరికే కాపురముంటుంది. చర్మం చిరిగినప్పుడే దానికి అవకాశం. వాతావరణం కుదిరితే సుమారు అరగంటకోసారి రెండవుతుంది. అడ్డు లేకపోతే ఒక్కటి పది గంటల్లో పది లక్షలు దాటుతుంది.

అడ్డు వెంటనే ఎదురవుతుంది. చర్మం కింద ముందే మాటువేసి ఉండే పెద్ద భక్షక కణాలు మాక్రోఫేజ్‌లు. బ్యాక్టీరియా గోడలో మన ఒంట్లో లేని పదార్థాలు ఉంటాయి. మాక్రోఫేజ్ పైనున్న గ్రాహకాలు వాటిని తడిమి గుర్తుపడతాయి. ఈ గ్రాహకాల జాడ తెలిపింది కూడా ఒక అల్పజీవే. పండు ఈగలోని టోల్ అనే జన్యువు రోగనిరోధంలో ఏం చేస్తుందో జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో చూపింది. ఎలుకల్లో దాని బంధువును బ్రూస్ బ్యూట్లర్ బృందం 1998లో పట్టుకుంది. ఇద్దరూ 2011 నోబెల్ పంచుకున్నారు.

క్రిమిని గుర్తించిన మాక్రోఫేజ్ దాన్ని మింగుతూనే రసాయనాలతో కబురు పంపుతుంది. పక్కనున్న రక్తనాళాలు వెడల్పవుతాయి. చోటు ఎర్రబడి, వేడెక్కుతుంది. గోడలు సడలి నీరు ఊరుతుంది. వాపు వస్తుంది. నరాలు సలుపుతాయి. సెల్సస్ చెప్పిన నాలుగూ హాజరు.

ఇక అసలు బలగం న్యూట్రోఫిల్స్. మన తెల్ల రక్తకణాల్లో సగానికి పైగా ఉండేవి ఇవే. పెద్దవాళ్ళలో ఎముక మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. రక్తంలో వీటి ఆయువు గంటల్లోనే లెక్క. పుట్టినవాటిలో చాలా భాగం ఏ క్రిమినీ చూడకుండానే రాలిపోతాయి. అయినా తయారీ ఆగదు.

రక్తప్రవాహంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్‌కు ముల్లు దిగిన చోటు ఎలా తెలుస్తుంది? ఆ చోట రక్తనాళం లోపలి గోడ మీద జిగురులాంటి అణువులు మొలుచుకొస్తాయి. వాగులో కొట్టుకుపోయేవాడు ఒడ్డున గడ్డి పట్టుకుని నిలదొక్కుకున్నట్టు, న్యూట్రోఫిల్ వాటిని తాకుతూ వేగం తగ్గించుకుని, గోడ వెంట దొర్లుతుంది. తరువాత గట్టిగా అంటుకుని ఆగుతుంది. ఆపైన గోడ కణాల మధ్య సందులోంచి ఒళ్ళు సన్నం చేసుకుని బయటికి జారుతుంది. అక్కడి నుంచి దారి వాసన చెబుతుంది. బ్యాక్టీరియా తయారుచేసే ప్రోటీన్ల తలకు ఒక ప్రత్యేక రసాయన ముద్ర ఉంటుంది. ఆ ముక్కలు ఎటు చిక్కగా ఉంటే కణం అటు నడుస్తుంది, బెల్లం వాసనకు చీమ వెళ్ళినట్టు.

ఈ వేటను సినిమాగా చూడవచ్చు. 1950లలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ అనే డాక్టరు ఒక చుక్క మానవ రక్తంలో జరిగినదాన్ని ఫిల్ముకెక్కించాడు. ఒక్క న్యూట్రోఫిల్ ఎర్రకణాలను తోసుకుంటూ స్టెఫిలోకాకస్ వెంట పడుతుంది. అది పక్కకు జరిగితే ఇదీ మలుపు తిరుగుతుంది. చివరికి మింగేస్తుంది. ఇప్పటికీ యూట్యూబ్‌లో జనం దాన్ని చూస్తూనే ఉన్నారు.

మింగడంతో పని అయిపోదు. క్రిమి చుట్టూ సంచిలాంటి పొర ఏర్పడుతుంది. కణం తనలోని రేణువులను అందులో కుమ్మరిస్తుంది. ఆక్సిజన్‌ను ఒక్కసారిగా లాక్కుని మందుగుండులాంటి అణువులుగా మారుస్తుంది. వాటిలోంచి చివరికి హైపోక్లోరస్ ఆమ్లం తయారవుతుంది. ఊరి మంచినీళ్ళ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్రిములను చంపేది ఇదే. ఈ పని చేసే ఎంజైముది ఆకుపచ్చ రంగు. చీము, కళ్ళె ఒక్కోసారి పచ్చగా కనిపించేది అందుకే. కొన్ని న్యూట్రోఫిల్స్ చావబోతూ తమ డీఎన్‌ఏనే వలలా విసిరి బ్యాక్టీరియాను పట్టేస్తాయని 2004లో బెర్లిన్ పరిశోధకులు కనిపెట్టారు.

రైతు కాలు మరుసటి రోజుకు పొంగింది. సలుపు మొదలైంది. తెల్లకణాలు విడిచిన రసాయనాలు మెదడుకు చేరి ఒంటి వేడిని పెంచితే జ్వరం. మూలుగ నిల్వలను రక్తంలోకి వదిలితే సీబీపీ రిపోర్టులో కౌంటు పెరుగుతుంది. మామూలుగా మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 ఉండే తెల్లకణాలు ఆ గీత దాటుతాయి. ఇంకా పూర్తిగా ముదరని న్యూట్రోఫిల్స్ కూడా బయటికొచ్చేస్తాయి. స్లైడులో వాటిని చూసిన ల్యాబువాళ్ళకు ఒంట్లో గిరాకీ ఎంతుందో తెలిసిపోతుంది.

గజ్జల్లో బిళ్ళ కట్టింది. పల్లెల్లో పెద్దవాళ్ళు దాన్ని చూడగానే కాలికి ఏమైందని అడుగుతారు. వాళ్ళు అడిగేది సరైన ప్రశ్నే. కాలి నుంచి క్రిమి ముక్కలను మోసుకొచ్చిన కణాలు అక్కడి శోషరస గ్రంథిలో వాటిని లింఫోసైట్లకు చూపిస్తాయి. ఆ క్రిమికి సరిపోయే లింఫోసైట్లు ఏవో తేలి, అవి పెరిగి, యాంటీబాడీలు తయారుకావడానికి సుమారు వారం పడుతుంది. ఆ వారం పాటు ఒంటిని నిలబెట్టేది భక్షక కణాలే.

అలా తిని తిని చచ్చిన న్యూట్రోఫిల్స్, చచ్చిన క్రిములు, కరిగిన కండ, ఊరిన నీరు కలిస్తే చీము. తరువాత మాక్రోఫేజ్‌లు వచ్చి ఆ శవాలను కూడా తినేసి పుండు మానడానికి చోటు చేస్తాయి.

పారిస్‌లో ఏళ్ళ తరబడి తగువు

1888లో లూయీ పాశ్చర్ తన పేరుతో పారిస్‌లో తెరిచిన సంస్థలో మెచ్నికోవ్‌కు చోటిచ్చాడు. చనిపోయేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. ఒడెస్సాలో ఆయన దగ్గర చదువుకున్న వాల్డెమార్ హాఫ్‌కిన్ కూడా గురువు వెనుకే పారిస్ చేరాడు. 1893లో కలరా టీకాతో ఇండియాకు వచ్చినవాడు, 1897 జనవరిలో బొంబాయిలో తాను తయారుచేసిన ప్లేగు టీకాను ముందు తన ఒంటికే వేయించుకున్నవాడు ఈ హాఫ్‌కినే. పెరుగు తింటే ముసలితనం ఆలస్యమవుతుందని మెచ్నికోవ్ చేసిన ప్రచారం మరో కథ. యూరప్‌లో పెరుగుకు గిరాకీ తెచ్చింది ఆయనే.

భక్షక కణాల సంగతి మాత్రం అంత తేలిగ్గా నెగ్గలేదు. ఒంటిని కాపాడేది కణాలు కావు, రక్తరసంలోని పదార్థాలని జర్మన్ శాస్త్రవేత్తలు వాదించారు. 1890లో ఎమిల్ బేరింగ్, కితసాతో కలిసి ధనుర్వాతం విషానికి విరుగుడు రక్తరసంలోనే ఉందని చూపేసరికి వాళ్ళ వాదానికి బలం వచ్చింది. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ కూడా కణాల సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. మెచ్నికోవ్ ప్రతి విమర్శకూ కొత్త ప్రయోగంతో జవాబు చెబుతూ పోయాడు. విచిత్రమేమంటే, రక్తరసంలో యాంటీబాడీలకు తోడుగా పనిచేసే పదార్థం సంగతి తేల్చిన జూల్స్ బోర్డే ఆయన ప్రయోగశాలలోనే పనిచేసిన యువకుడు.

రెండు పక్షాలూ సగం సగం నిజమే చెబుతున్నాయని 1903లో లండన్‌లో ఆల్మ్‌రోత్ రైట్, స్టూవర్ట్ డగ్లస్ తేల్చారు. రక్తరసంలోని కొన్ని పదార్థాలు బ్యాక్టీరియాకు అంటుకుంటే తెల్లకణాలు దాన్ని ఇంకా ఆబగా తింటాయి. వంట సిద్ధం చేయడమనే అర్థమున్న గ్రీకు మాటతో వాటికి ‘ఆప్సోనిన్లు’ అని పేరు పెట్టారు. తాలింపు పెడితే పప్పు నాలుగు ముద్దలు ఎక్కువ దిగినట్టే ఇది. 1908 వైద్య నోబెల్ కణాల పక్షాన నిలిచిన మెచ్నికోవ్‌కూ, రక్తరసం పక్షాన నిలిచిన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు.

చీము పట్టని పిల్లలు

ఈ కణాల విలువ అవి పనిచేయని ఒంట్లో తెలుస్తుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు కొందరు మగపిల్లల గురించి రాశారు. వాళ్ళకు ఒకదాని వెంట ఒకటి గడ్డలు, ఎంతకూ తగ్గని ఇన్‌ఫెక్షన్లు. రక్తంలో తెల్లకణాలకు కొదవ లేదు. యాంటీబాడీలూ ఉన్నాయి. తరువాతి పదేళ్ళలో గుట్టు తేలింది. వాళ్ళ న్యూట్రోఫిల్స్ క్రిమిని మింగుతాయి, చంపలేవు. ఆక్సిజన్‌ను మందుగుండుగా మార్చే ఎంజైము వాటిలో పనిచేయదు. మింగిన క్రిమి కణం లోపలే హాయిగా బతుకుతుంది.

ఇంకొక అరుదైన జన్యులోపం ఉంది. అందులో న్యూట్రోఫిల్‌కు రక్తనాళం గోడను పట్టుకునే పిడికిలి ఉండదు. రక్తంలో కౌంటు విపరీతంగా ఉంటుంది. పుండులో మాత్రం చుక్క చీము ఉండదు. పుట్టిన బిడ్డకు బొడ్డుతాడు వారాలు గడిచినా రాలదు. అలాంటి పసివాళ్ళ ఒంటి మీద ఏ అమ్మైనా చీమును చూడగలిగితే సంతోషించాల్సిందే.

అందరికీ తెలిసిన జబ్బుల్లోనూ ఇదే కథ. కీమోథెరపీ మందు క్యాన్సర్ కణాలతోపాటు మూలుగను కూడా అణిచేస్తుంది. న్యూట్రోఫిల్స్ పడిపోయిన ఆ రోజుల్లో క్రిమి చొరబడ్డా గడ్డ కట్టదు, ఎర్రబడదు. జ్వరమొక్కటే గుర్తు. షుగరు అదుపు తప్పినవాళ్ళలో న్యూట్రోఫిల్స్ నడకా, తిండీ రెండూ మందగిస్తాయి. చిన్న పుండు కాలిని తీసేసేదాకా వెళ్ళడానికి ఇదీ ఒక కారణం. పోరు హద్దు మీరితే అదీ ప్రమాదమే. ఒంటి స్పందన అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసే స్థితిని డాక్టర్లు సెప్సిస్ అంటారు. ఇవాన్ ఇల్యిచ్ కాలంలో దానికి యాంటీబయాటిక్ లేదు.

భూకంపం తరువాత

1908 డిసెంబరు 10న ఆ ఏటి నోబెల్ బహుమతుల ఉత్సవం జరిగింది. పద్దెనిమిది రోజులకు, డిసెంబరు 28 తెల్లవారుజామున మెస్సీనా కంపించింది. ఆ వెంటనే సముద్రం మీదికి వచ్చింది. పదుల వేలమంది చనిపోయారు. నగరం నేలమట్టమైంది. పారిస్‌లో ఆ వార్త విన్న మెచ్నికోవ్ ఒక రష్యన్ పత్రికకు మెస్సీనా జ్ఞాపకాలు రాశాడు. సర్కస్, కోతులు, కమలా మొక్క, గులాబీ ముల్లు అన్నీ అందులోవే. ఈ కథ మొదట్లో మనం చూసిన సాయంత్రం, ఇరవై ఆరేళ్ళ తరువాత, ఊరు పోయిన దుఃఖంలో ఒక పెద్దాయన గుర్తుచేసుకున్న సాయంత్రం. జ్ఞాపకం దాన్ని కొంత సానబట్టి ఉండవచ్చు. ముల్లు చుట్టూ కణాలు మూగడం మాత్రం ఎవరు ఎప్పుడు చేసి చూసినా కనబడేదే.

1909లో మెచ్నికోవ్ దంపతులు టాల్‌స్టాయ్ ఎస్టేటు యాస్నయా పోల్యానాకు వెళ్ళి ఆయనను కలిశారు. ఆయనకప్పుడు ఎనభై ఏళ్ళు. ఇవాన్ చావును మనిషి మనసు వైపు నుంచి రాసినవాడు ఆయన. అలాంటి చావుతో లోపల తలపడే కణాల సంగతి రాసినవాడు ఈయన. 1916 జూలైలో మెచ్నికోవ్ పారిస్‌లో కన్నుమూశాడు. ఆయన చితాభస్మం పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఒక కలశంలో ఉంది.

మన కాలిలో మళ్ళీ ముల్లు దిగుతుంది. సబ్బుతో కడగండి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. గడ్డను గోళ్ళతో పిసకవద్దు, క్రిమి ఇంకా లోతుకు పోతుంది. ఎరుపు గంటగంటకూ పాకినా, చలిజ్వరం వచ్చినా, షుగరు రోగి కాలైనా, కీమో తీసుకుంటున్నవారి ఒళ్ళు కాస్త వెచ్చబడినా తెల్లవారేదాకా ఆగవద్దు. ముల్లు తీయడం మన పని. తినడం ఆ కణాల పని. అవి ఓడిపోతున్న జాడ కనబడితే ఆసుపత్రికి పరుగెత్తడం మళ్ళీ మన పనే.